కల్పిత డాక్యుమెంటరీ, వ్యంగ్య వాస్తవికత: ‘దిస్ ఈజ్ స్పైనల్ టాప్’ పరిశీలన

వ్యంగ్య రచన గురించి మన విమర్శకులు తక్కువ రాయలేదు. అయితే ఆ చర్చ చాలావరకు ‘రచయిత ఎవరిని ఎగతాళి చేశాడు?’ అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతూ వచ్చింది. ‘ఏ రూపంలో చేశాడు? ఎవరి నోటితో చెప్పించాడు?’ అన్న ప్రశ్నలు వెనకబడ్డాయి. లక్ష్యం సరైనదైతే దెబ్బ తగిలినట్టేనని అనుకోవడం మనకు అలవాటయింది. ఫలితంగా, ఒక నాయకుడి మీదో కుహనా పండితుడి మీదో నాలుగు తిట్లు పేర్చి, దాన్నే వ్యంగ్యమనుకునే రచనలు పేరుకుపోయాయి. తిట్టు వేరు, వ్యంగ్యం వేరు. తిట్టులో కనిపించేది రచయిత కోపం. వ్యంగ్యంలో వస్తువు తన స్వభావాన్ని తానే బయటపెట్టుకుంటుంది.

ఈ తేడాను వివరించడానికి నేనొక అమెరికన్ హాస్య చిత్రాన్ని ఉదాహరణగా తీసుకుంటున్నాను. అది 1984 మార్చిలో విడుదలైన ‘దిస్ ఈజ్ స్పైనల్ టాప్’. ప్రాభవం తగ్గిపోతున్న ఒక రాక్ సంగీత బృందం గురించి, నిజమైన డాక్యుమెంటరీ అన్నట్టు తీసిన కల్పిత చిత్రం. ‘పాశ్చాత్య దేశాల్లో గిటారు వాయించుకునేవాళ్ళ కష్టాలు మనకెందుకు?’ అని అభ్యుదయ పాఠకుడు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. నా సమాధానం ఇది: కళ సరుకుగా మారినప్పుడు కళాకారుడి ఊహ, మాట, స్నేహం, చివరికి అతని తిరుగుబాటు కూడా ఎలా మారిపోతాయో, ఒక్క ఉపన్యాసమైనా లేకుండా ఇంత నిక్కచ్చిగా చూపిన చిత్రాలు తక్కువ. ఆ పని ఎలా చేసిందో, ఎక్కడ ఆగిపోయిందో రెండూ మనకు అవసరం.

కథ, కథకులు

దర్శకుడు రాబ్ రైనర్. కథాచిత్ర దర్శకుడిగా ఇది ఆయనకు మొదటిది. నిడివి 82 నిమిషాలు. స్పైనల్ టాప్ అనే ఇంగ్లీషు బృందం 1982లో ఒక కొత్త ఆల్బంతో అమెరికా పర్యటనకు వస్తుంది. మార్టీ డిబెర్గీ అనే దర్శకుడు ఆ పర్యటనను డాక్యుమెంటరీగా తీస్తాడు. ఆ బృందమూ కల్పితమే, ఆ దర్శకుడూ కల్పితమే. డిబెర్గీ వేషం రైనర్ తానే వేశాడు. గాయకుడు డేవిడ్‌గా మైకెల్ మెకీన్, గిటారు వాయించే నైజెల్‌గా క్రిస్టఫర్ గెస్ట్, బేస్ గిటారు వాయించే డెరెక్‌గా హారీ షియరర్ నటించారు. ముగ్గురూ అమెరికాలో పుట్టినవాళ్ళే. పాటలు రైనర్‌తో కలిసి వాళ్ళే కట్టారు, వాద్యాలు వాళ్ళే వాయించారు. సంభాషణల్లో అత్యధిక భాగం రాసిపెట్టుకున్నవి కావు. సన్నివేశం అనుకుని, కెమెరా ముందు అప్పటికప్పుడు మాట్లాడారు. రచయితలుగా నలుగురి పేర్లూ వేశారు.

పర్యటన ప్రారంభం నుంచీ దిగజారుడే. వెనకటిసారి 10,000, 15,000 మంది పట్టే ప్రాంగణాల్లో పాడినవాళ్ళు ఇప్పుడు 1,200, 1,500 మంది పట్టే హాళ్ళకు వచ్చారు. కొన్నిచోట్ల కార్యక్రమమే రద్దవుతుంది. సంతకాల కోసం రికార్డుల దుకాణంలో కూర్చుంటే ఒక్కడూ రాడు. ఒకచోట సైనిక వైమానిక స్థావరంలో జరిగే డాన్సు విందులో వాయించవలసి వస్తుంది. అక్కడే నైజెల్ అలిగి వెళ్ళిపోతాడు. మరొకచోట వినోద పార్కు బోర్డు మీద తోలుబొమ్మలాట పేరు పైన, వీళ్ళ పేరు కింద. ఇక విడిపోవడమే మిగిలిందనుకున్నప్పుడు, జపానులో తమ పాట ఒకటి అమ్ముడుపోతోందన్న కబురుతో నైజెల్ తిరిగి వస్తాడు. డేవిడ్ అతన్ని వేదిక మీదికి పిలుస్తాడు. జపాను హాలు కేరింతలతో కథ ముగుస్తుంది.

సాక్ష్యం అనే రూపం

మన ప్రేక్షకులకు చాలాకాలం డాక్యుమెంటరీ అంటే 1948లో ఏర్పడిన ఫిల్మ్స్ డివిజన్ వారి చిత్రాలే. అసలు సినిమాకు ముందు, తెర వెనక నుంచి ఒక గంభీర కంఠం ఆనకట్టల గురించీ, పంటల గురించీ చెప్పేది. ఆ కంఠానిదే అధికారం, బొమ్మ దానికి సాక్ష్యం మాత్రమే. 1960 ప్రాంతంలో తేలికపాటి కెమెరాలు, వాటితోపాటే శబ్దాన్ని పట్టే పరికరాలు వచ్చాక అమెరికాలో మరోరకం డాక్యుమెంటరీ పుట్టింది. వ్యాఖ్యాత లేడు. కెమెరా మనుషుల వెంట నడుస్తుంది, గదుల్లోకి దూరుతుంది, కునుకుతున్నా పోట్లాడుకుంటున్నా వదలదు. పాప్ గాయకుడు బాబ్ డిలన్ 1965లో చేసిన ఇంగ్లండు పర్యటన మీద పెనెబేకర్ తీసిన ‘డోంట్ లుక్ బ్యాక్’ (1967), రోలింగ్ స్టోన్స్ బృందం మీద మేజిల్స్ సోదరులు, షార్లెట్ జ్వెరిన్ తీసిన ‘గిమ్మీ షెల్టర్’ (1970), ‘ది బ్యాండ్’ అనే బృందం వీడ్కోలు కచేరీ మీద మార్టిన్ స్కోర్సేసీ తీసిన ‘ది లాస్ట్ వాల్ట్జ్’ (1978) ఈ దారిలో వచ్చినవి. స్కోర్సేసీ తన చిత్రంలో తానే కనిపించి ప్రశ్నలడుగుతాడు. డిబెర్గీ పాత్రకు మూలం అక్కడుంది.

ఈ చిత్రాల గొప్పతనాన్ని నేను కాదనను. కాని వీటి వెనక ఒక విషయం ఉంది. డిలన్ చిత్రం కోసం పెనెబేకర్ దగ్గరికి వెళ్ళినవాడు డిలన్ మేనేజరే. అంటే ‘తెర వెనక సత్యం’ కూడా అమ్మకపు ఏర్పాటులో భాగమే. కళాకారుడి అలసట, చిరాకు, ఏకాంతం అన్నీ సరుకు చుట్టూ చుట్టే కాగితమైపోయాయి. రైనర్ బృందం సరిగ్గా ఇక్కడే వేలు పెట్టింది. వాళ్ళు రాక్ సంగీతాన్ని మాత్రమే అనుకరించలేదు, రాక్ సంగీతాన్ని పూజించే డాక్యుమెంటరీని కూడా అనుకరించారు. అందుకోసం ‘గిమ్మీ షెల్టర్’కు పనిచేసిన కెమెరామన్లలో ఒకడైన పీటర్ స్మోక్లర్‌నే ఛాయాగ్రహణానికి పెట్టుకున్నారు. ఫ్రేము కాస్త ఆలస్యంగా మనిషిని వెతుక్కోవడం, ముఖం మీదికి తడుముకుంటూ పోవడం, పాత టీవీ ముక్కలు మధ్యలో అతకడం, ఇవన్నీ నిజమైన డాక్యుమెంటరీ వ్యాకరణమే. హాస్య చిత్రాలకు అలవాటైన వెలుతురు, ‘ఇక్కడ నవ్వండి’ అని చెప్పే సంగీతం లేవు. అందుకే విడుదలైన కొత్తలో కొందరు ఇది నిజమైన బృందమే అనుకున్నారు.

ఈ రూపం రైనర్ కనిపెట్టింది కాదు. బీటిల్స్ బృందం చరిత్రను ఎగతాళి చేస్తూ ఎరిక్ ఐడిల్ ‘ది రట్ల్స్’ అనే టీవీ చిత్రాన్ని 1978లోనే చేశాడు. అంతకుముందే పీటర్ వాట్కిన్స్ ఈ రూపాన్ని ఆయుధంగా వాడాడు. ఇంగ్లండు మీద అణుబాంబు పడితే ఏమవుతుందో వార్తాచిత్రంలా చూపిన ఆయన ‘ది వార్ గేమ్’ను తీయించిన బి.బి.సి. సంస్థే 1965లో ప్రసారం చెయ్యకుండా ఆపేసింది. మరుసటి ఏడాది థియేటర్లలో ప్రదర్శించాక దానికి ఉత్తమ డాక్యుమెంటరీగా ఆస్కార్ బహుమతి వచ్చింది. బ్రిటిషు టీవీ ప్రేక్షకులు మాత్రం 1985 దాకా చూడలేకపోయారు. జరగనిదాన్ని జరిగినట్టు చూపిన చిత్రానికి డాక్యుమెంటరీ బహుమతి రావడం గమనించదగినది. వాస్తవికత అంటే జరిగినదాన్ని నమోదు చెయ్యడం కాదు, జరుగుతున్నదాని నియమాన్ని పట్టుకోవడం. ఆ పని ఒక చిత్రం భయంతో చేస్తే మరొకటి నవ్వుతో చేసింది.

నవ్వులోని నియమం

మూడు సన్నివేశాలు తీసుకుంటాను.

మొదటిది బాగా ప్రసిద్ధమైనది. నైజెల్ తన ఆంప్లిఫయర్‌ను డిబెర్గీకి చూపిస్తాడు. మామూలుగా వాటి నాబుల మీద అంకెలు 10 దాకా ఉంటాయి. ఇతని వాటి మీద 11 దాకా ఉన్నాయి. కనక శబ్దం ఒక మెట్టు ఎక్కువ అంటాడు. 10నే ఇంకాస్త గట్టిగా వినిపించేలా చేసుకోవచ్చు కదా అని డిబెర్గీ అడుగుతాడు. నైజెల్ కాసేపు ఆలోచించి, ఇవి 11 దాకా వెళ్తాయి అని మళ్ళీ అదే చెబుతాడు. ఇందులో మందబుద్ధిని చూసి నవ్వడం సులువు. నాకు కనిపించేది మరొకటి. ధ్వని స్థానంలో అంకె వచ్చి కూర్చుంది. వస్తువు స్థానంలో దాని గుర్తు వచ్చింది. ఆ గుర్తునే నైజెల్ మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడు. మన సాహిత్య సభల్లో వక్తను పరిచయం చేస్తూ బిరుదుల పట్టిక చదువుతుంటే నాకు ఆ నాబు గుర్తొస్తుంది.

రెండోది స్టోన్‌హెంజ్ సన్నివేశం. ఇంగ్లండులోని ప్రాచీన శిలాస్తంభాలను వేదిక మీద నిలబెట్టాలని బృందం ఆలోచన. నైజెల్ కాగితపు రుమాలు మీద బొమ్మ గీసి కొలత వేస్తాడు. 18 అడుగులని రాయబోయి, ఒక గీత ఎక్కువ పెట్టి 18 అంగుళాలని రాస్తాడు. తయారుచేసే శిల్పి కాగితంలో ఉన్నట్టే చేస్తుంది. ప్రదర్శన రోజున పొగలు, గంభీరమైన పాట, పురాణ కాలపు వర్ణన. పైనుంచి మూరెడు పొడవున్న శిల దిగుతుంది. మరుగుజ్జు నర్తకులు దాని చుట్టూ ఆడుతుంటే అది మరీ చిన్నదిగా కనిపిస్తుంది. తర్వాత పెద్ద రగడ. తప్పంతా మేనేజరు మీద పడుతుంది, అతను రాజీనామా చేసి పోతాడు. గమనించండి: ఈ వ్యవహారంలో తన పని సక్రమంగా చేసిన మనిషి ఆ శిల్పి ఒక్కతే. ఆమె మళ్ళీ చిత్రంలో కనిపించదు. మరో సన్నివేశంలో హాలు కింది నడవాల్లో దారి తప్పి తిరుగుతున్న బృందానికి వేదిక ఎటుందో చెప్పేది అక్కడి పనివాడు. అతని మాట సరిగా వినకుండా వాళ్ళు మళ్ళీ తిరిగినచోటికే వస్తారు. దర్శకుడు ఈ రెంటినీ గీత గీసి చూపించడు. చూసేవాడికి కనిపిస్తాయి. వాస్తవం ఇంతకన్న వెనకబడి లేదు. చిత్రం విడుదలకు ముందు ఏడాది, 1983లో, బ్లాక్ సబ్బత్ అనే నిజమైన బృందం స్టోన్‌హెంజ్ రాళ్ళు చేయిస్తే అవి చాలా హాళ్ళలో పట్టనంత పెద్దవయ్యాయి.

మూడోది ఆల్బం అట్ట. మెడకు కుక్కపట్టీ కట్టి, నాలుగు కాళ్ళ మీద నిలబెట్టిన నగ్న స్త్రీ ముఖానికి ఒక మగచెయ్యి చేతితొడుగు వాసన చూపిస్తున్న బొమ్మ అది. ఇది స్త్రీని కించపరుస్తోందని కంపెనీ ప్రచార ప్రతినిధి అంటుంది. ఇంగ్లీషులో ఆ మాటకూ, ఆకర్షణీయం అనే అర్థమిచ్చే మాటకూ తేడా స్వల్పం. ఆకర్షణీయంగా ఉంటే తప్పేమిటని బృందం అమాయకంగా అడుగుతుంది. ఇక్కడ ఆగితే ఇది మాటల హాస్యం. చిత్రం ఆగదు. అసలు అభ్యంతరం పెద్ద దుకాణాలు ఆ అట్టతో సరుకు పెట్టుకోమనడం వల్ల వచ్చింది. వెనకటి రికార్డులు బాగా అమ్ముడై ఉంటే ఈ నీతి ప్రశ్న లేచేదే కాదని ఆ సంభాషణలోనే తేలిపోతుంది. స్త్రీ గౌరవం అమ్మకాల పట్టికను బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. చివరికి ఒక్క అక్షరం కూడా లేని నల్లటి అట్టతో ఆల్బం వస్తుంది. అందులో ఏదో లోతైన అర్థం ఉందని తమకు తాము నచ్చజెప్పుకునే పని కళాకారులది.

ఈ మూడింటిలోనూ ఉన్న నియమం ఒక్కటే. మార్కెట్టు నిర్ణయిస్తుంది, కళాకారుడు దాన్ని తన స్వేచ్ఛగా వర్ణిస్తాడు. హాళ్ళు చిన్నవి కావడానికి మేనేజరు చెప్పే కారణం జనాదరణ తగ్గిందని కాదు, అభిమానులు మరింత ఎంపిక చేసుకున్నవాళ్ళయ్యారని. బృందం చరిత్ర చూపే పాత ముక్కల్లోనూ ఇదే. 1965 నాటి పాట పేరు ‘గిమ్మీ సమ్ మనీ’. 1967లో పూల యువతరం ఫాషనైతే పూలమనుషుల మీద పాట. ఆ తర్వాత చెవులు చిల్లులు పడే హెవీ మెటల్. ప్రతిసారీ దుస్తులు, జుట్టు, తత్త్వం కలిసే మారాయి. డ్రమ్ములు వాయించేవాళ్ళ సంగతి మరీ విచిత్రం. ఒకడు తోటపని ప్రమాదంలో పోయాడు, ఒకడు వేదిక మీద ఉన్నట్టుండి మండిపోయాడు. ఎప్పటికప్పుడు కొత్తవాడు వస్తాడు, కార్యక్రమం సాగుతుంది. ఇది వెర్రి హాస్యమే. మనిషి పోయినా స్థానం నిండుతూనే ఉండే కర్మాగారం ఈ వెర్రితనం వెనక ఉంది.

గిరీశం, జంఘాల శాస్త్రి

తెలుగు రచయితకు ఈ రూపం పూర్తిగా కొత్తది కాదు. పానుగంటి లక్ష్మీనరసింహారావు ‘సాక్షి’ వ్యాసాల్లో సాక్షి సంఘం కల్పితం. జరగని సభలను జరిగినట్టే నివేదించడం ఆయన పద్ధతి. ఇంగ్లండులో 1711లో మొదలైన ‘స్పెక్టేటర్’ పత్రిక దానికి నమూనా. అయితే ఆ సభల్లో మాట్లాడే జంఘాల శాస్త్రి రచయిత ప్రతినిధి. లోకం తప్పులను అతను ఎత్తిచూపుతాడు. ‘కన్యాశుల్కం’లో గిరీశం దీనికి ఎదురుగా నిలుస్తాడు. అతను ఎవరి తప్పులూ ఎత్తిచూపనక్కరలేదు. సంస్కరణ గురించి, ఇంగ్లీషు చదువు గురించి అతను ఎంత ధారాళంగా మాట్లాడితే అంతగా తానే పట్టుబడతాడు. కల్పిత డాక్యుమెంటరీ సాక్షి నుంచి నివేదిక రూపాన్నీ, గిరీశం నుంచి ఆత్మవంచన భాషనూ తీసుకుని కలిపినట్టుంటుంది.

గిరీశం మీద మనకు పూర్తిగా కోపం రాదు. నైజెల్, డేవిడ్‌ల మీదా రాదు. ఈ అభిమానం వ్యంగ్యాన్ని బలహీనపరుస్తుందని కొందరు మిత్రులు వాదిస్తారు. నేను ఒప్పుకోను. చిన్నప్పటి నుంచీ కలిసి పాటలు కట్టిన ఇద్దరు మనుషుల స్నేహం పర్యటన లెక్కల కింద నలిగిపోవడం మనకు బాధ కలిగించకపోతే, నలిపేది ఏమిటన్న ప్రశ్న మనకు పుట్టదు. కళాకారులు వట్టి వెధవలైతే దోషం వాళ్ళతోనే ఆగిపోతుంది. వాళ్ళు ప్రేమించదగిన మనుషులు కనకనే చూపు వాళ్ళను దాటి వ్యవస్థ మీదికి పోతుంది.

పరిమితులు, పర్యవసానం

చిత్రానికి లోపాలు లేకపోలేదు. డేవిడ్ స్నేహితురాలు జెనీన్ పాత్ర ‘ఆడది వచ్చి బృందాన్ని చెడగొట్టింది’ అన్న పాత ఆరోపణను తిరగేసి చూడకుండా వాడుకుంది. ఆల్బం అట్ట విషయంలో అంత సూక్ష్మంగా ఆలోచించినవాళ్ళు ఇక్కడ సులువైన దారి పట్టారు. రాక్ సంగీతానికి పునాది వేసిన నల్లజాతి సంగీతకారులకు దక్కనిదేమిటి అన్న ప్రశ్న కూడా ఇందులో లేదు. దానికి చోటు ఉన్న కథే ఇది.

అంతకంటె పెద్ద ప్రశ్న వ్యంగ్యం శక్తి గురించి. విడుదలైనప్పుడు పెద్దగా ఆడని ఈ చిత్రం తర్వాత వీడియో కాసెట్ల ద్వారా జనంలోకి వెళ్ళింది. 2002లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాన్ని భద్రపరచవలసిన చిత్రాల జాబితాలో చేర్చింది. అదే సమయంలో మార్కెట్టు దాన్ని మింగడం మొదలుపెట్టింది. ఆంప్లిఫయర్లు తయారుచేసే మార్షల్ కంపెనీ 1990లో 20 దాకా అంకెలున్న నాబులతో ఒక సరుకు తెచ్చి, నైజెల్ వేషంలో గెస్ట్ చేతనే ప్రకటన చేయించింది. లేని బృందం 1992లో ఆల్బం వేసింది, 2007లో లండన్ వెంబ్లీ స్టేడియంలో పాడింది. ఎగతాళిని కూడా అమ్ముకోగలగడం పెట్టుబడికి తెలిసిన విద్య.

మరి సృష్టికర్తలకు ముట్టిందెంత? హారీ షియరర్ 2016లో హక్కులున్న వివెండి సంస్థ మీద దావా వేశాడు. 1984 నుంచి 2006 దాకా ప్రపంచవ్యాప్తంగా అమ్మిన చొక్కాలు, బొమ్మలు వగైరాల మీద నలుగురి వాటా 81 డాలర్లని, 1989 నుంచి 2006 దాకా పాటల మీద ఆదాయం 98 డాలర్లని కంపెనీ లెక్క చూపించిందన్నది అతని ఆరోపణ. తర్వాత మిగిలిన ముగ్గురూ చేరారు. సంగీతం వ్యవహారం 2019లో, చిత్రం వ్యవహారం 2020లో రాజీతో ముగిశాయి. చిత్రంలో నవ్వు పుట్టించిన సంబంధమే చిత్రం తీసినవాళ్ళకు కోర్టు కాగితమై ఎదురైంది. 2025 సెప్టెంబరులో అదే నలుగురూ రెండో భాగం తీసుకొచ్చారు.

2008లో వచ్చిన ‘ఆన్విల్’ అనే నిజమైన డాక్యుమెంటరీని దీని పక్కన పెట్టి చూడాలి. కెనడాకు చెందిన ఆ బృందం 1984లో జపానులో పెద్ద పెద్ద పేర్లతో కలిసి వాయించింది. ఆ పేర్లు కోట్లకు పడగెత్తాయి. వీళ్ళు మిగిలిపోయారు. గాయకుడు పిల్లల భోజనాలు బండిలో చేరవేస్తాడు, డ్రమ్మరు భవన నిర్మాణ పనికి పోతాడు. యాభై ఏళ్ళ వయసులో మళ్ళీ పర్యటన, మళ్ళీ ఖాళీ హాళ్ళు, చివర జపానులో ఒక్క నిండు హాలు. ఆ డ్రమ్మరు పేరు కూడా రాబ్ రైనరే! కల్పన ఇరవైనాలుగేళ్ళ ముందు గీసిన గీత మీదే జీవితం నడిచింది. అయితే ఒక్క తేడా ఉంది. ఆన్విల్ చిత్రంలో వాళ్ళ బతుకుతెరువు కనిపిస్తుంది, శ్రమ కనిపిస్తుంది. స్పైనల్ టాప్‌లో ఎవరూ అద్దె గురించి మాట్లాడరు. హాస్యం ఆగిపోయింది అక్కడ.

మనకు పనికొచ్చేది

ఈ చిత్రం నుంచి రచయితలు నేర్చుకోవలసినవి మూడున్నాయని నా అభిప్రాయం. ఒకటి, ఎగతాళి చెయ్యదలచినవాడి వృత్తి మనకు క్షుణ్ణంగా తెలిసి ఉండాలి. ఆ ముగ్గురూ నిజంగా వాయించగలరు కనకనే ఆ చెడ్డ పాటలు అంత సరిగ్గా చెడ్డగా వచ్చాయి. కార్యాలయం తెలియనివాడు గుమాస్తా మీద, పొలం తెలియనివాడు భూస్వామి మీద రాసే వ్యంగ్యం పేలవం కావడానికి కారణం దృక్పథలోపం కాదు, పరిశీలనాలోపం. రెండు, పాత్ర తన భాషలో తనను తాను సమర్థించుకోనివ్వాలి. పత్రికా ప్రకటన, సన్మానపత్రం, విచారణ సంఘం నివేదిక, ముందుమాట, ఇవన్నీ మన చుట్టూ ఉన్న ‘డాక్యుమెంటరీ’ రూపాలే. వాటి వ్యాకరణం చెడకుండా లోపలి అబద్ధాన్ని మాట్లాడించగలిగితే మధ్యలో మన వ్యాఖ్యానం అక్కరలేదు. మూడు, నవ్వు ఎవరి దగ్గర ఆగుతోందో చూసుకోవాలి. బలహీనుడి దగ్గర ఆగిన నవ్వు బలవంతుడికి కాపలా కాస్తుంది.

వ్యంగ్యం వ్యవస్థను కూలగొడుతుందని నేను అనను. 81 డాలర్ల లెక్క చూశాక అలా అనడం కష్టం. కాని వ్యవస్థ తన గురించి తాను చెప్పుకునే మాటను అది నమ్మశక్యం కాకుండా చెయ్యగలదు. నమ్మకం సడలిన చోట ఆలోచనకు చోటు దొరుకుతుంది. ఆ తర్వాతి పని నవ్వుది కాదు, మనది.